లోపలి వైపు తేదీ

న్యూ మెక్సికోలో డెమింగ్ దాటాక హైవే పక్కన ఒక టైర్ల షాపు. మధ్యాహ్నం. కిటికీ దగ్గర షాపు యజమానురాలు నోరీన్, ఆమె దగ్గర పనిచేసే ఆర్విల్ టకెట్.

"వాడే నోరీన్. నూటికి నూరుపాళ్ళూ వాడే."

"ఎవరు? ఆ ట్రైలర్ ముసలాయనా?"

"తెల్ల ట్రైలర్‌ని ఆనుకుని, నడుం మీద ఒక చెయ్యేసుకుని, ఎడారంతా తన జాగీరైనట్టు నుంచున్నాడు చూడు, వాడే. గాఫ్నీ. థర్మన్ గాఫ్నీ."

"ఏ గాఫ్నీ? ఆగాగు. ఆ రిపోర్టు గాఫ్నీయా?"

"ఆ రిపోర్టు గాఫ్నీయే."

"పొరపాటు పడుతున్నావేమో ఆర్విల్. ఆయన మొహం నువ్వు చూసింది ఒక్కసారేగా."

"ఒక్కసారి చాలదూ? ఆస్పత్రిలో నా మంచం పక్కకి కుర్చీ లాక్కుని కూచున్నాడు. మా ఆవిడ ఓపల్‌ని పూడ్చిపెట్టి మూడోరోజు. నేను లేచి వెళ్ళి పిడికెడు మట్టి కూడా వెయ్యలేకపోయాను. 'మీ నష్టానికి విచారిస్తున్నాను మిస్టర్ టకెట్' అన్నాడు. ఇంటికెళ్ళి బీమా కంపెనీకి రిపోర్టు రాశాడు. నకలు నాకొకటి, మా అమ్మాయి రోండాకొకటి. అందులో ఏముందో చెప్పనా?"

"వద్దు నాయనా. నువ్వు పనిలో చేరినప్పట్నించీ వింటూనే ఉన్నాను."

"'గడువు తీరిన టైర్లతో ప్రయాణం చెయ్యడం పూర్తిగా యజమాని నిర్లక్ష్యం.' ఆ ఒక్క వాక్యం నోరీన్. అది చదివి నా కూతురు నాతో మాటలు మానేసింది. ఆరేళ్ళు! క్రిస్మస్‌కి కార్డు పంపితే తిరిగొస్తుంది. ఫోన్ చేస్తే పెట్టేస్తుంది. వాళ్ళమ్మని నేనే చంపానని అనుకుంటోంది. అలా అనుకునేలా చేసినవాడు అదిగో, నా కళ్ళ ముందు ఆపిల్ కొరుక్కు తింటున్నాడు."

"నువ్వు వెనక్కెళ్ళు. బురిటో తిను, చల్లటి నీళ్ళు తాగు. ఆయన బండి నేను చూస్తాను."

"తుంటి ఎముక మార్చి నెల కాలేదు, కింద దూరి నువ్వేం చూస్తావు? అయినా నేను చూసేశాను."

"ఎప్పుడు?"

"ఇందాక ఆయన టాయిలెట్‌కి వెళ్ళినప్పుడు. నాలుగు టైర్లూ పైకి నిగనిగలాడుతున్నాయి. గ్రిప్పు నిన్న కొన్నట్టే ఉంది. వయసు మాత్రం ఏడేళ్ళు. బిగించిన వెధవ తయారీ తేదీ ఉన్న పక్కని లోపలికి తిప్పి బిగించాడు, నాలుగింటికి నాలుగూ. బయట నుంచుని చూస్తే జన్మలో కనపడదు. అచ్చం నాకు బిగించినట్టే."

"ఓరి దేవుడా!"

"దేవుడే పంపించాడు."

"అలా మాట్లాడకు. వెళ్ళి ఆయనకి చెప్పు."

"ఎందుకు చెప్పాలి? యూమా వెళ్తున్నారట. ఎండలో నాలుగొందల యాభై మైళ్ళు, వెనక మూడున్నర టన్నుల బరువు. ఆయన నన్నేం అడుగుతాడో నాకు తెలుసు. 'గ్రిప్పు బాగుంది కదయ్యా, సరిపోతాయి కదయ్యా' అంటాడు. 'భేషుగ్గా ఉంది సార్, వెళ్ళిరండి' అంటాను. అందులో అబద్ధం కూడా లేదు. గ్రిప్పు నిజంగానే బాగుంది. నేనేం చెయ్యబోతున్నానని భయపడుతున్నావు? నేనేమీ చెయ్యను. చెయ్యకపోవడమే నేను చెయ్యబోయేది."

"ట్రక్కులో వాళ్ళావిడ ఉంది ఆర్విల్."

"నా ట్రక్కులోనూ మా ఆవిడ ఉంది."

"ఆ టైర్లతో ఆ బండి నా షాపు దాటి వెళ్ళిందో, రేపట్నించి..."

"ఉద్యోగం తీసేస్తావా? తీసెయ్."

"ఉద్యోగం కాదురా! నీ మొహం చూడను."

"నా మొహం చూడనివాళ్ళు ఇప్పటికే ఒకరున్నారు. నువ్వు రెండోదానివి."

"ఏమయ్యోయ్! లోపల ఎవరైనా ఉన్నారా? మనిషి వచ్చి అరగంటైంది!"

"వస్తున్నా సార్! తప్పుకో నోరీన్."

"ఆర్విల్..."

"తప్పుకో."

---

"నువ్వేనా మేస్త్రీవి? ఎంతసేపు పడుతుందయ్యా? రాత్రి బసకి పొద్దు వాలేలోగా టూసాన్ చేరాలి. మా మార్జరీ ట్రక్కులో కూచుని ఒకటే సణుగుడు."

"దేనికి సార్ సణుగుడు?"

"టైర్లు బాగాలేవట. రబ్బరు కమురు వాసనట. నాకు రావట్లేదే! ముక్కు ఈ లోకంలో ఆవిడకొక్కదానికే ఉందా?"

"మీరు చూశారా సార్, టైర్లు?"

"చూడకపోవడమేంటి? పెన్నీ నాణెం పెట్టి చూశాను. గాడిలో దూర్చి చూస్తే నాణెం మీది లింకన్ తల మొత్తం మునిగిపోయింది. ఇంకేం కావాలి?"

"లింకన్ మునిగాడంటే ఇంకేం సార్, తిరుగే లేదు."

"అదే నేనూ అంటున్నాను. ఈ వసంతంలోనే కొన్నాం ట్రైలర్. పాతదే అనుకో, కానీ మంచాలూ పొయ్యీ అన్నీ శుభ్రంగా ఉన్నాయి. అమ్మినాయన టైర్లు కొత్తవే వేయించానన్నాడు."

"అన్నాడా?"

"అన్నాడు."

"నమ్మారా?"

"నమ్మకేం? చర్చికెళ్ళే మనిషి. మొహం చూస్తే తెలిసిపోదూ?"

"తెలిసిపోతుంది సార్. మొహం చూస్తే అన్నీ తెలిసిపోతాయి. మీరేం పని చేసి రిటైరయ్యారు?"

"కాగితాల పనిలే. నేను చెప్పేది విను. నాకో చిన్న సాయం చెయ్యాలి. ట్రక్కు దగ్గరికొచ్చి మా ఆవిడతో ఒక్క మాట చెప్పు. 'అమ్మా, టైర్లు దివ్యంగా ఉన్నాయి, నిశ్చింతగా వెళ్ళండి' అని. నా మాట వినదు. నీ మాట వింటుంది."

"నన్ను చెప్పమంటారా?"

"ఒక్క మాటేనయ్యా."

"ఆవిడతో."

"ఆవిడతోనే! ఆడవాళ్ళ భయాలకి మందు అదే. చొక్కాకి గ్రీజు అంటినవాడు ఎవడో ఒకడు ధీమాగా చెప్పాలి. రా, రా. ఏమయ్యా, అలా ట్రక్కు కేసి చూస్తున్నావేం?"

"ఏం లేదు."

"చెప్తావా, చెప్పవా?"

"ఏమంది ఆవిడ? సరిగ్గా ఏమంది?"

"చెప్పానుగా. వాసనంటుంది. బండి పక్కకి లాగుతోందంటుంది. ఎక్కడైనా ఆపి చూపించమంటుంది. లాస్ క్రూసెస్ దగ్గర్నించి చెవిలో జోరీగ."

"మీరు ఆపారు."

"ఆపక చస్తానా? లేకపోతే రేపు పొద్దున కాఫీ కూడా దొరకదు."

"ఆపారు. సరే... సరే సార్. చక్రాలు విప్పి చూద్దాం."

"విప్పడం దేనికి? మాట చెప్పమంటే చక్రాలు విప్పుతానంటావేంటి?"

"విప్పకుండా ఆవిడకి ఏ మాటా చెప్పలేను. ఆవిడని ట్రక్కు దిగమనండి. నోరీన్! ఈయన భార్యని లోపల కూచోబెట్టు, ఐస్ టీ ఇవ్వు!"

"ఏం చేస్తున్నావు ఆర్విల్?"

"చక్రాలు విప్పుతున్నాను. నాలుగూ."

"బతికించావురా. బతికించావు. రండమ్మా, లోపల ఫ్యాన్ ఉంది, రండి."

---

"అయింది సార్. మీ ట్రైలర్ స్టాండ్ల మీద నుంచుంది, చక్రాలు నాలుగూ నేల మీద పడుకున్నాయి. ఇలా రండి. వంగండి."

"నేనెందుకు వంగడం?"

"మీరే చదవాలి."

"నువ్వు చదివి చెప్పవయ్యా. నాకు మోకాళ్ళ నొప్పులు."

"నేను చెప్తే టైర్లు అమ్ముకోడానికి చెప్పాననుకుంటారు. వంగండి సార్. ఇంకొంచెం. మోకాళ్ళ మీద కూచోండి. కంకర గుచ్చుకుంటే గుచ్చుకుంటుంది, ప్రాణాలేం పోవు. అదిగో, కోడిగుడ్డు లాంటి గీత లోపల నాలుగంకెలు."

"మూడు... రెండు... ఒకటి, ఏడు."

"అంటే?"

"ముప్ఫై రెండో వారం."

"ఏ సంవత్సరం?"

"పదిహేడు. ఆ దొంగముండాకొడుకు! కొత్తవన్నాడే!"

"భలే సార్! చదవగానే అర్థం కూడా చెప్పేశారు. ట్రైలర్లు లాక్కుని తిరిగేవాళ్ళలో నూటికి తొంభైమందికి ఆ అంకెలేంటో తెలీదు. ఏదో పార్టు నెంబరనుకుంటారు. మీకెలా తెలుసు?"

"నా ఉద్యోగం అదేలే. ప్రమాదాల దర్యాప్తు."

"మరి మీరెందుకు చూసుకోలేదు?"

"లోపలికి ఉంటే ఎలా కనపడుతుందయ్యా? ఒక పక్కనే కదా తేదీ కొడతారు! బయట పక్కన చూశాను, లేదు. బండి కింద దూరి ఎవడు చూస్తాడు?"

"ఎవడు చూస్తాడు? సరిగ్గా చెప్పారు. ఇంకోసారి అనండి ఆ మాట."

"ఏ మాట?"

"'బండి కింద దూరి ఎవడు చూస్తాడు.' మీ నోట్లోంచి వింటుంటే హాయిగా ఉంది."

"నువ్వు మాట్లాడేది నాకు అర్థం కావట్లేదు."

"ఇది అర్థమవుతుందేమో చూడండి. 'ట్రైలర్ టైరు అరిగి చావదు, వయసు మీరి చస్తుంది. ఆరేళ్ళు దాటిన టైరు ఎంత కొత్తగా కనిపించినా నమ్మరాదు. తయారీ తేదీ టైరు మీదనే ముద్రించి ఉండగా, గడువు తీరిన టైర్లతో ప్రయాణం చెయ్యడం పూర్తిగా యజమాని నిర్లక్ష్యం.' కింద సంతకం. ఎవరిది సార్ ఆ సంతకం?"

"నువ్వు... నువ్వెవరు?"

"చొక్కా మీద కుట్టి ఉంది. అంకెలు చదివారుగా, అక్షరాలూ చదవండి."

"ఆర్విల్. ఆర్విల్... టకెట్? వాన్ హోర్న్ దగ్గర..."

"వాన్ హోర్న్ దగ్గరే. పదకొండో మైలులో. కుడివైపు వెనక టైరు పేలి, ట్రైలర్ గిర్రున తిరిగి, ట్రక్కుని కూడా పల్టీ కొట్టించింది. ఓపల్ నా పక్కనే ఉంది. లేవకు. ఎందుకు లేస్తున్నావు? ఇందాకట్నించీ నేను 'సార్ సార్' అంటుంటే బాగానే ఉంది కదా?"

"టకెట్ గారూ, చూడండి. మీ బాధ నేను..."

"అబ్బో! 'గారు' వచ్చింది. అరగంట కిందట 'ఏమయ్యోయ్' అని అరిచింది ఎవరు?"

"నా చక్రాలు నాకు బిగించెయ్యండి. మేం వెళ్ళిపోతాం."

"ఏవి బిగించను? పాతవా? సంతోషంగా బిగిస్తాను. రెండు నిమిషాల పని. చక్రాలు విప్పకుండా ఆవిడకి మాట చెప్పమన్నావు చూడు, అప్పుడే చెప్పేసి ఉండాల్సింది. ఈపాటికి లార్డ్స్‌బర్గ్ దారిలో ఉండేవాడివి. నా మనసులో నిన్ను అక్కడికి పంపేశాను కూడా. పేలిన చప్పుడు కూడా విన్నాను."

"మరి నాకు నిజం ఎందుకు చెప్పారు?"

"ఎందుకో నాకే తెలీదు."

"కొత్తవి వేయండి. ఏవైనా సరే. మీ దగ్గర ఉన్నవి."

"'ఏవైనా సరే' అంటే కుదరదు. పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం అనే బేరం కాదు ఇది. నువ్వు దర్యాప్తు చేసినవాడివి కదా, నువ్వే ఎంచు. ఇదిగో మూడు దొర్లించాను. మూడూ నీ చక్రానికి పడతాయి. ఏది?"

"టకెట్ గారూ, నాతో ఆడుకోకండి."

"నాతో ఆడుకోలేదా నువ్వు? ఎంచు."

"ఇది. మధ్యది. గాళ్ళు లోతుగా ఉన్నాయి."

"మళ్ళీ లింకన్ తలకాయ! సైజు అంకెల ముందున్న అక్షరం చూడు. అది కారు టైరు. పక్కలు మెత్తన. ట్రైలర్ బరువు మీద పడి మలుపు తిరిగితే నడుం విరిగిన ఎద్దులా కూలబడుతుంది. ఇంకోటి ఎంచు."

"అయితే ఇది. దీని మీద ట్రైలర్ టైరని ఉంది. పది పొరలది."

"అక్షరం చూశావు, బాగుంది. పొరలు చూశావు, బాగుంది. తేదీ చూశావా?"

"ఇటు లేదు."

"ఇటు లేకపోతే?"

"అటు తిప్పాలి... తిప్పాను. నాలుగేళ్ళ కిందటిది."

"ఎవరి గోదాములోనో నాలుగేళ్ళు నిద్రపోయి వచ్చింది. కొత్తదే, ఒక్క మైలు తిరగలేదు, సగానికి పైగా ఆయుష్షు మాత్రం అయిపోయింది. మేం అది అమ్మం. వచ్చినవాళ్ళకి చూపించడానికి గోడకి తగిలించి ఉంచుతాం. మూడోది పట్టుకో. ట్రైలర్ అక్షరాలు, పది పొరలు, నాలుగు నెలల కిందట పుట్టింది. అలాంటివి ఐదు కావాలి నీకు."

"నాలుగు కదా?"

"వెనక తగిలించిన స్పేర్ టైరు ఎప్పటిదనుకుంటున్నావు? అది బండితోపాటు పుట్టింది. తొమ్మిదేళ్ళ ముసలిది. గాలి పొద్దున చల్లగా ఉన్నప్పుడే చూసుకో, టైరు మీద రాసినంతా పట్టించు. వేగం అరవై ఐదు మైళ్ళు దాటకు. ఆగిన ప్రతిచోటా నాలుగింటి మీదా అరచెయ్యి పెట్టి చూడు, ఒకటి మిగతావాటికంటే కాలుతుంటే కదలకు. ఛీ! నాకు నిన్ను చంపాలనుంది గాఫ్నీ. నిజం చెప్తున్నాను, చంపాలనుంది. కానీ టైర్ల దగ్గర అబద్ధమాడటం చేతకాకుండా పోయింది."

"చాలా థాంక్స్. బిగించండి."

"బిగిస్తాను. ముందొక సంగతి చెప్పు. నా టైర్ల మీద తేదీ ఏ పక్కనుంది?"

"ఆరేళ్ళయింది. గుర్తులేదు."

"గుర్తు తెచ్చుకో."

"వందల కేసులు చూశానండీ."

"తొందరేం లేదు. నీ బండికి చక్రాలు లేవు. ఈ సైజు దొరికే ఇంకో షాపు టూసాన్‌లో ఉంది. నడిచి వెళ్తానంటే నీళ్ళ సీసా ఇస్తాను. ఏ పక్కనుంది?"

"మీరిలా బలవంతం చెయ్యడం చట్టం ప్రకారం..."

"చట్టం ప్రకారం నువ్వు రాసిన కాగితం నా దగ్గరుంది. ఆరేళ్ళుగా చొక్కా జేబులో పెట్టుకు తిరుగుతున్నాను. ఏ పక్కనుంది గాఫ్నీ?"

"లోపల."

"గట్టిగా."

"లోపల! లోపలి పక్కనుంది. నాలుగింటికీ. తుక్కు బళ్ళ దొడ్లో మీ ట్రైలర్ తలకిందులుగా పడి ఉంది. నేను గాజుపెంకుల మీద పాక్కుంటూ వెళ్ళి టార్చి వేసి చదివాను. ఫోటో కూడా తీశాను."

"అయితే నీకు తెలుసు. అది నాకు కనపడే వీలు లేదని నీకు తెలుసు."

"తెలుసు."

"తెలిసి రాయలేదు!"

"టైరు వయసెంత అని అడుగుతుంది కంపెనీ. తేదీ ఎటు తిరిగి ఉందని అడగదు. అడగనిది రాస్తే పై అధికారి కొట్టేస్తాడు. నాకు అప్పటికి రెండేళ్ళు ఉంది రిటైరవడానికి. అడిగినంతవరకే రాశాను."

"నీ రెండేళ్ళ కోసం నా కూతుర్ని పోగొట్టావు. నేను సాకెట్ రెంచి పట్టుకుని ఉన్నాను, అది గమనించావా?"

"ఆర్విల్! కిటికీలోంచి చూస్తున్నాను! అది కింద పెట్టు!"

"పెట్టాను నోరీన్! అరవకు, ఆవిడ భయపడుతుంది! పెట్టాను. ఇదిగో కాగితం గాఫ్నీ. ఇదిగో పెన్ను. రాయి."

"ఏం రాయాలి?"

"ఇప్పుడు చెప్పావే, అదే. 'మిస్ రోండా టకెట్‌కి. మీ నాన్న టైర్ల మీద తేదీ లోపలి పక్కనుంది. బయట నుంచి ఎంత చూసినా కనపడదు. ఆ సంగతి నాకు తెలుసు, తెలిసి దాచాను. ఆయన తప్పేమీ లేదు.' సంతకం, తేదీ. నీ సంతకం చూసి నన్ను వదిలేసింది. నీ సంతకం చూసే తిరిగి రావాలి."

"వద్దు టకెట్ గారూ."

"నీకు టైర్లు కావాలా వద్దా?"

"ఇది మాత్రం అడక్కండి. చేతులు పట్టుకుంటాను."

"భయమా? కంపెనీ పెన్షన్ ఆపేస్తుందనా?"

"అది కాదు."

"మరేంటి? మార్జరీకి తెలుస్తుందనా? తెలియనీ. ఇన్నాళ్ళూ ఎలాంటివాడికి కాఫీ కాచి పోసిందో ఆవిడ కూడా తెలుసుకోనీ."

"అది కాదు. వద్దంటున్నాను. మీ మంచికే చెప్తున్నాను."

"నా మంచి! నా మంచి చూసేవాడివి అయ్యావా నువ్వు? రాయి!"

"రాస్తే మొత్తం రాయాల్సి వస్తుంది."

"మొత్తమే రాయమంటున్నాను. ఒక్క ముక్క దాచావంటే ఈ స్టాండ్లు కూడా లాగేస్తాను."

"ఆ ఫోటో రోండా చూసింది."

"ఏ ఫోటో?"

"లోపలి పక్క ఫోటో. రిపోర్టు అందిన వారానికి మా ఆఫీసుకి వచ్చింది. ఎర్ర జుట్టు, కొంచెం కుంటి నడక. బల్ల గుద్దింది. 'మా నాన్న నిర్లక్ష్యమంటావా' అని నన్ను నానా తిట్లూ తిట్టింది. తట్టుకోలేక ఫైలు తీసి చూపించేశాను."

"మా రోండా... నా తరఫున తిట్టిందా?"

"మీ తరఫునే."

"మరి చూసిందిగా! తేదీ లోపలుందని దానికి తెలుసుగా! తెలిసి ఆరేళ్ళు... నువ్వు అబద్ధమాడుతున్నావు. చక్రాల కోసం అబద్ధమాడుతున్నావు."

"ఫోటో దగ్గరికి లాక్కుని ఆ అంకెలు చదివింది. తర్వాత బ్యాగులోంచి తన ఫోన్ తీసి నా చేతికిచ్చింది. 'అయితే ఇదేంటో మీరు చెప్పండి' అంది. వాళ్ళమ్మ పంపిన మెసేజ్. మీరు వాన్ హోర్న్‌లో పెట్రోలు కోసం ఆగారు చూడండి, అక్కడ్నించి. ప్రమాదానికి పావుగంట ముందు."

"ఓపల్ ఏ మెసేజూ పంపలేదు."

"పంపింది."

"నేను పక్కనే ఉన్నాను. పంపలేదు."

"మీరు పెట్రోలు పడుతున్నారు. ఆ మెసేజ్ కూడా నేను రిపోర్టులో ఎక్కించలేదు. ఎక్కించి ఉంటే మీ మంచం పక్కకి నేను కాదు, పోలీసులు వచ్చేవాళ్ళు. చనిపోయినావిడ మాటతో మొగుణ్ణి జైలుకి పంపడం ఎందుకని ఊరుకున్నాను. మీ అమ్మాయి కూడా ఇంకెవరికీ చూపించలేదు."

"ఏముంది అందులో?"

"మీకు తెలుసు."

"నాకు తెలీదు! ఏముందని అడుగుతున్నాను గాఫ్నీ!"

"'వెనక టైరు ఉబ్బింది, చెయ్యి పెడితే కాలుతోంది, ఇక్కడే ఉండి చూపిద్దామని ఏడ్చి చెప్పాను, మీ నాన్న నన్ను పిరికిదాన్నని తిట్టి ట్రక్కెక్కమంటున్నాడు.' పెన్ను ఇలా ఇవ్వండి టకెట్ గారూ. ముందు ఏది రాయను?"